ఫుట్‌బాల్ స్టేడియానికి పూర్తి కప్పు ఉండాలా, వద్దా?

మిడ్‌ఫీల్డ్:
2026 ప్రపంచకప్ వేదికల్లో డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, వాంకూవర్‌లలో కప్పు మూసుకునే స్టేడియాలున్నాయి. కాన్సస్ సిటీ లాంటివి పూర్తిగా ఓపెన్. కప్పుంటే ఎండావానా బాధ ఉండదు, మరి అన్నీ మూసేస్తే పోలా? ఖర్చు సంగతి పక్కన పెట్టండి. ఆటకు ఏది మంచిదో, మూసినదాంట్లో ఇబ్బంది ఎక్కడొస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పచ్చిక:
ఇబ్బంది జనానికి కాదండి, గడ్డికి. 1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ కట్టినప్పుడు కప్పుకు వెలుతురు దిగే పలకలు పెట్టి కింద అసలు గడ్డే వేశారు. పగటి మ్యాచుల్లో ఆ పలకల మెరుపుకు పైకి లేచిన బంతి బేస్‌బాల్ ఫీల్డర్లకు కనపడలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనపడింది, గడ్డి చచ్చింది. మరుసటి ఏడాది ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చిందే.

బెర్ముడా గడ్డికి రోజూ ఏడెనిమిది గంటల నేరు ఎండ కావాలి. రై గడ్డి, బ్లూగ్రాస్ అంతకంటే తక్కువతో నెట్టుకొస్తాయి. అందుకే కప్పు కింద వాటినే వేస్తారు. నీడలో పెరిగిన గడ్డి సన్నగా, పొడుగ్గా సాగుతుంది, బూటు కింది స్టడ్ పడితే చిరుగుతుంది. పైగా గాలి ఆడదు. ఆకు మీద తడి ఆరక బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. చక్రాల మీద లైట్ల బండ్లు తిప్పాలి, ఫ్యాన్లు పెట్టాలి. జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌ స్టేడియంలో ఈ గోలంతా ఎందుకని గ్రౌండునే ఎండలోకి తోసేస్తారు. సుమారు 11,000 టన్నుల తొట్టి అది!

టచ్‌లైన్:
ఎప్పుడూ అక్కడే పెంచాలని ఏముంది పచ్చిక గారూ, బయట పెంచి తెచ్చి పరుస్తున్నారుగా. దాన్ని తొందరపడి చేస్తేనే చిక్కు. 2024 కోపా అమెరికా మొదటి మ్యాచ్ అట్లాంటాలో. ప్లాస్టిక్ టర్ఫ్ మీద రెండు మూడు రోజుల ముందే గడ్డి చుట్టలు పరిచారు. గెలిచిన అర్జెంటీనా కోచ్ స్కలోనీయే గ్రౌండు బాగాలేదన్నాడు.

కారణం చిన్నదే. పొలంలో గడ్డిని కోసినప్పుడు వేళ్లు తెగిపోతాయి. పరిచాక కొత్త వేళ్లు కిందికి దిగేదాకా అది చాప లాంటిది. ఒక చుట్ట మూల పట్టుకుని పైకి లాగి చూడండి. లేచి వచ్చిందా, ఆటకు పనికిరాదు. వెంటనే ఆడాలంటే నాలుగు సెంటీమీటర్ల మందంగా కోయాలి, ఆ బరువుకే అది కదలదు. ఇంకో దారి, ప్లాస్టిక్ షీటు మీద ఇసుక పోసి పెంచడం. వేళ్లు కిందికి పోలేక అడ్డంగా అల్లుకుంటాయి. చుట్టినా తెగవు. మిషిగన్ స్టేట్, టెనెస్సీ యూనివర్సిటీల వాళ్లు 2026 కోసం పనిచేసింది ఇలాంటి వాటి మీదే.

హాఫ్‌టైమ్:
మంచు ఊళ్ల సంగతి వేరు. అక్కడ కప్పు తప్పదు, కానీ ఏ కప్పన్నది చూడాలి. మినియాపొలిస్ మెట్రోడోమ్‌ది ఫ్యాన్ల గాలితో నిలబడే గుడ్డ కప్పు (అక్కడాడేది అమెరికన్ ఫుట్‌బాల్ లెండి). 2010 డిసెంబరు 12న మంచు బరువుకు చిరిగి కూలింది. 2016లో కట్టిన కొత్తదానికి మంచు జారిపోయేలా ఏటవాలు కప్పు, దక్షిణం వైపంతా వెలుతురు దిగే ఈటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్ పొర.

మిడ్‌ఫీల్డ్:
చాలా థాంక్సండీ. మరి హైదరాబాద్ లాంటి చోటయితే?

పచ్చిక:
కుర్చీల మీద కప్పు, గ్రౌండు మీద ఆకాశం. అంతకు మించి అక్కర్లేదు. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం మాంచెస్టర్‌లో సూర్యుడు 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణపు స్టాండ్ నీడ గ్రౌండు మీదే పడుకుంటుంది. అదే రోజు హైదరాబాద్‌లో 49 డిగ్రీలు. గచ్చిబౌలిలో చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ కూడా ఉంది, నీడ గడ్డి దాకా రావడమే తక్కువ.

వేడికి భయపడితే ఖతార్ 2022 పద్ధతి చూడండి. పైన తెరిచి ఉన్నా, గ్రౌండు పక్కనుంచీ కుర్చీల కిందనుంచీ చల్లగాలి వదిలారు. చల్లగాలి బరువు కాబట్టి కిందే ఉంటుంది, దాన్నే మళ్లీ లాగి చల్లబరిచి వదులుతారు. బయటి గాలి దూరకుండా కప్పు అంచు వంపు సరిగ్గా ఉండాలి, లేకపోతే కరెంటు దండగ.

మనకైతే అంత అవసరం లేదు, మ్యాచ్ రాత్రి పెడితే సరి. అసలు పని కింద ఉంది: పైపులు, వాటి మీద పది సెంటీమీటర్ల కంకర, ఆపైన ముప్పై సెంటీమీటర్ల ఇసుక. అందులో నల్లరేగడి కలిపారంటే మాత్రం మొదటి వానకే గోల్ ముందు చెరువు.