తాతగారి గోడగడియారం రోజుకి ఐదు నిమిషాలు వెనక – ఏం చేయాలి?

ప్రశ్న: పాతికేళ్ళుగా అటక మీదున్న కీ గడియారాన్ని దింపి, నూనె వేయించి హాల్లో తగిలించాను. నడుస్తోంది, కానీ రోజుకి ఐదు నిమిషాలు వెనకబడుతోంది. ఎండలకి పెండ్యులం ఇత్తడి కడ్డీ సాగిందంటాడు మా బావ. నాకేమో కింది బిళ్ళ బరువెక్కువేమో అనిపిస్తోంది. తేలికది వేయమంటారా?

జవాబు: బిళ్ళ మార్చకండి. ఊపుకి పట్టే సమయాన్ని తేల్చేది పొడవు, బరువు కాదు. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలవుతుంది. మీ బావగారు చెప్పింది నిజమే గానీ లెక్క సరిపోదు. ఇత్తడి కడ్డీకి ఒక్కో డిగ్రీ వేడికి రోజుకి సుమారు 0.8 సెకను తేడా. 15 డిగ్రీలు పెరిగినా 12 సెకన్లే.

బిళ్ళ కింద చిన్న నట్టు ఉంటుంది. బిళ్ళ పైకి లేచేలా తిప్పితే గడియారం వేగం పుంజుకుంటుంది. లోలకం పొడవు 25 సెం.మీ. అనుకుంటే 1.7 మి.మీ. లేపితే చాలు. తిప్పేటప్పుడు బిళ్ళను చేత్తో పట్టుకోండి, లేదంటే పైన వేలాడదీసిన పల్చటి స్ప్రింగు రేకు మెలిపడుతుంది. ఒక్క చుట్టు తిప్పి ఒక రోజు ఆగి చూడండి. ఒకేసారి ఆరు చుట్లు తిప్పేసి వారం రోజులు అవస్థపడ్డవాణ్ణి నేను.

మరొకరు: బరువుతో పనిలేకపోతే లండన్ బిగ్ బెన్ లోలకం మీద పెన్నీలెందుకు పెడతారండీ?

జవాబు: నాణెం పెట్టేది లోలకం మీది భాగాన. దాంతో మొత్తం బరువు కేంద్రం కాస్త పైకి జరుగుతుంది, అంటే లోలకం పొట్టిదైనట్టే. ఒక్క పాత పెన్నీకి రోజుకి 0.4 సెకను ముందుకెళ్తుంది.

అడిగినవారు: రెండు చుట్లు తిప్పాను, ఇప్పుడు ఒకటిన్నర నిమిషమే తేడా. కానీ నిన్న మధ్యాహ్నం ఆగిపోయింది. కీ నిండుగానే ఉంది.

ఇంకొకరు: చెవి పెట్టి వినండి. టిక్ టిక్ సమానంగా వస్తోందా, కుంటుతోందా? లోపల లంగరు లాంటి ముక్క ఒకటి పళ్ళచక్రాన్ని పట్టి వదులుతూ, వదిలేటప్పుడల్లా లోలకానికి చిన్న తోపు ఇస్తుంది. గడియారం ఒరిగుంటే ఆ తోపు ఒక పక్క సరిగా అందదు, ఊపు తగ్గి తగ్గి ఆగిపోతుంది. అడుగుభాగాన్ని మెల్లగా అటూ ఇటూ జరిపి, చప్పుడు సమానమైన చోట గోడ మీద పెన్సిల్ గీత పెట్టుకోండి.

అడిగినవారు: ఒరిగే ఉందండీ! ఎడమకి అరంగుళం జరిపితే కుంటు పోయింది. నాలుగు రోజులైంది, ఆగలేదు. మా బావ మాత్రం ఇంకా ఎండే అంటున్నాడు.