స్కిడ్ స్టీర్‌కి స్నో బ్లోయర్: 72 అంగుళాలా, 84 అంగుళాలా?

ప్రశ్న: మా స్కిడ్ స్టీర్ (ముందు పరికరాలు తగిలించుకునే చిన్న లోడర్ బండి) స్టాండర్డ్ ఫ్లో, అంటే పరికరానికి హైడ్రాలిక్ ఆయిల్ నిమిషానికి 20 గ్యాలన్లు. టైర్ల బయటి అంచుల మధ్య 66 అంగుళాలు. 84 అంగుళాల వెడల్పున్న హై ఫ్లో (ఎక్కువ ఆయిల్ కావాల్సిన) స్నో బ్లోయర్, అంటే మంచుని తీసి దూరంగా విసిరే పరికరం, ఒకటి చవగ్గా దొరుకుతోంది. పనికొస్తుందా?

జవాబు: వద్దండి. హై ఫ్లో మోటారుకి సాధారణంగా నిమిషానికి 30 గ్యాలన్ల దాకా కావాలి. 20తో ఇంపెల్లర్ (మంచుని విసిరే చక్రం) నీరసంగా తిరుగుతుంది, తడి మంచు అది బయటికెళ్లే గొట్టం, అంటే చూట్‌లోనే గడ్డకట్టుకుపోతుంది. 72 చాలు, టైర్లకి అటూ ఇటూ మూడేసి అంగుళాలు మిగులుతాయి. మోటారు ఫ్లో రేంజ్‌లో మీ 20 మధ్యలో పడాలి.

జవాబు: కేస్ డ్రెయిన్ గొట్టం (మోటారు లోపల కారిన ఆయిల్‌ని వెనక్కి పంపేది) ఉంటే ముందు అదే తగిలించండి, విప్పేటప్పుడు చివర్లో. మర్చిపోయారా, మోటారులో ఆయిల్ కారకుండా ఆపే షాఫ్ట్ సీల్ పోయినట్టే.

జవాబు: షియర్ బోల్ట్ (ఏదైనా అడ్డుపడితే గేర్‌బాక్స్‌ని కాపాడ్డానికి తనే తెగిపోయే బోల్ట్) తెగిందని గట్టి బోల్ట్ బిగించకండి. ఈసారి పోయేది గేర్‌బాక్స్! కంకర నేలైతే స్కిడ్ షూలు (బ్లోయర్ కింద నేలమీద జారే పట్టీలు) అంగుళం కిందికి దించండి, బ్లోయర్ అంత పైకి లేస్తుంది. చూట్ తిప్పే వైరింగ్ ప్లగ్ మీ బండికి సరిపోతుందో లేదో కొనకముందే చూసుకోండి.