పాత టోపోషీటులో మా అరకు కొండలు - మీకేం కనిపించింది?

కొండదారి:
మా నాన్న పెట్టెలో సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటు (కొండలు, వాగులు, దారులు చూపే మ్యాపు) దొరికింది. షీటు నంబరు 65 జె/15, అంగుళానికి మైలు స్కేలు. అరకు ఉంది, రైలు పట్టాల గీత లేదు, అంటే 1960లలో కొత్తవలస-కిరండూల్ లైను వేయకముందుది. అమ్మమ్మ ఊరికి ఇప్పుడు జీపులో ఘాటంతా చుట్టి గంటన్నర పడుతుంది, ఇందులో మాత్రం ఎర్ర చుక్కల కాలిబాట ఒకటి కొండ మెడ మీదుగా తిన్నగా దిగిపోయింది. కాంటూర్లు, అంటే ఎత్తు చూపే గీతలు, లెక్కపెట్టా, గీతకీ గీతకీ 50 అడుగులు, పదకొండు గీతలు ఎక్కాలి. అమ్మ చూసి "సంతకి అల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని ఇలాగే వెళ్లేవాళ్లం" అంది.

గెడ్డగట్టు:
నీళ్ల రంగు చూడండి. ఏడాదంతా పారేవి నీలం, ఎండిపోయేవి నలుపు. మా ఊరి గెడ్డ నీలంలో ఉంది, ఇప్పుడేమో మార్చికల్లా రాళ్లే. ఇంకోటి, పక్కూరి పేరు సర్వేవాళ్లు ఎలా విన్నారో అలా రాసుకున్నారు, ఆ తప్పు స్పెల్లింగే ఇవాళ బస్సు బోర్డు మీద కూడా!

పుట్టుపిల్లోడు:
పడమటి పక్క షీటు కూడా చూడండి అన్నా. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు, జలాపుట్ రిజర్వాయరు రాకముందు అచ్చయినది దొరికితే మునిగిన ఊళ్లు, వాటి మధ్య దారులు అందులోనే ఉంటాయి. మా తాత పుట్టిన ఊరి పేరు నేను చదివింది అలాంటి కాగితంలోనే. అయితే పాడుబడిన ఊరి గుర్తు కనబడగానే ఏదో రోగమొచ్చి పోయారనుకోవద్దు, పోడు కోసం ఊరే జరిగి ఉండొచ్చు.

గెడ్డగట్టు:
@పుట్టుపిల్లోడు అవును, మా ఊరు రెండుసార్లు జరిగిందట.

పట్టాకోసం:
అటవీ హక్కుల క్లెయిముకి ఇది పనికొస్తుందా? 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్నామని చూపాలి కదా. ఒక ఆఫీసులో జిరాక్సు చూసి పక్కన పడేశారు.

కొండదారి:
@పట్టాకోసం అటవీ హక్కుల చట్టం రూల్సులో 13వది చూడండి, సాక్ష్యాల్లో మ్యాపులు కూడా ఉన్నాయి. కానీ షీటులో పసుపు రంగు సాగు ఉందని చెబుతుంది, ఎవరిదో చెప్పదు. పైగా సర్వే చేసిన ఏడాది బీడు పెట్టిన పోడు మ్యాపులో అడవిలాగే పడి ఉంటుంది. పెద్దవాళ్ల వాంగ్మూలం జత చేసి ఇవ్వండి, తీసుకున్నట్టు రసీదు అడగండి.

సరే, వచ్చే శుక్రవారం సంతకి అమ్మమ్మ ఊరి నుంచి ఆ ఎర్ర చుక్కల దారినే వద్దామనుకుంటున్నా. తుప్పలు మూసేసి ఉంటాయేమో, ఆ వైపు వాళ్లెవరైనా చెప్పండి.