కుడి కాలిమీదే భారం పడే ఆటలో ఎడమ కాలికి ఎలాంటి సాధన ఇవ్వాలి?

విశాఖపట్నంలో బ్యాడ్మింటన్ శిక్షణ పొందుతున్న మా 14 ఏళ్ల అమ్మాయి విషయంలో క్రీడా వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, అనుభవమున్న శిక్షకులు సలహా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కుడిచేతి వాటం కావడంతో, నెట్ దగ్గర పడే షటిల్ కోసం ప్రతిసారీ కుడి కాలినే ముందుకు చాచి, బరువంతా దానిమీదే ఆపి, మళ్లీ దానితోనే వెనక్కి నెట్టుకుంటుంది. కొన్ని నెలలుగా ఆ తొడ ఎడమదానికంటే స్పష్టంగా లావెక్కింది. ఆట ముగిశాక మోకాలిచిప్ప కింద నొప్పిగా ఉందంటోంది.

ఫెన్సింగ్, బ్యాడ్మింటన్ క్రీడాకారులపై 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, ముందుకు వేసే కాలి మోకాలిచిప్ప టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి నారలాంటి పట్టీ) రెండో కాలిదానికంటే మందంగా, బిగువుగా ఉన్నట్లు తేలింది. కాబట్టి ఈ తేడా అంతా జబ్బేనని నేను అనుకోవడం లేదు. భారానికి శరీరం అలవాటుపడటం కూడా ఇందులో ఉంది. కానీ కండరం బలపడినంత త్వరగా టెండన్ బలపడదు, పైగా ఆమె ఇంకా ఎదిగే వయసులో ఉంది. అదే నా ఆందోళన.

ఈ నొప్పి టెండన్‌దా, లేక ఎదిగే పిల్లల్లో మోకాలి కింది ఎముక గుబ్బ దగ్గర వచ్చే ఆస్‌గుడ్-ష్లాటర్ సమస్యా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఒంటికాలి స్క్వాట్లు ఎడమ కాలికి ఎక్కువగా చేయించాలా, రెండింటికీ సమానంగానా? ఆర్కే బీచ్ ఇసుకలో చేయిస్తున్న గెంతులు మోకాలికి తాకిడి తగ్గించినా పిక్కలకు, మడమ వెనుక టెండన్‌కు శ్రమ పెంచుతాయి కనుక, నొప్పి తగ్గేవరకు వాటిని ఆపించడం మంచిదా?