వేల గంటలున్న ఫౌజీ హెలికాప్టర్ పైలట్లు సెస్నాకు మారితే ఎక్కడ తడబడతారు? బ్యాచ్ లీడర్‌గా పెట్టొచ్చా?

పానగల్లు గట్టు (ప్రశ్న)

మా ఫ్లయింగ్ స్కూల్లో వచ్చే నెల మొదలయ్యే బ్యాచ్‌లో పదిహేను మంది. పదకొండు మంది ఇంటర్ ముగించి వచ్చిన పిల్లలు. మిగతా నలుగురు సర్వీసు నుంచి బయటికొచ్చిన హెలికాప్టర్ పైలట్లు: ఇద్దరు ఆర్మీ (చీతా, చేతక్), ఇద్దరు ఎయిర్‌ఫోర్స్ (ఎంఐ-17). నలుగురికీ 2,000 గంటలు దాటాయి. మా దగ్గర ఉన్నవి సెస్నా 152, 172ఎస్ (చిన్న శిక్షణ విమానాలు). గ్రౌండ్ స్కూల్, రోస్టర్ నా చేతిలో ఉంటాయి.

లైసెన్సు రూల్స్ అడగడం లేదు. హెలికాప్టర్ లైసెన్సు మీద విమానం నడపకూడదనీ, డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) పేపర్లలో 70 శాతం తెచ్చుకోవాలనీ వాళ్ళకూ తెలుసు. నాకు కావలసింది ఇవి. ఏ పాఠానికి ఎక్కువ సార్టీలు (ఒక్కో ఎగురుడు ఒక సార్టీ) పెట్టుకోవాలి? పాలమూరు, నల్గొండ ఎండలకు వేరేగా చెప్పాల్సింది ఏమైనా ఉందా? వీళ్ళలో ఒకరిని బ్యాచ్ లీడర్‌గా పెడదామంటున్నారు, అది మంచిదేనా?

రేగడి చేను

ముందు నలుగురినీ ఒకే గాటన కట్టకండి. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు హకీంపేటలో హెలికాప్టర్ ఎక్కకముందే విమానం మీద నేర్చుకుని ఉంటారు. ఏ ఏడాది చేరారన్నదాన్ని బట్టి అది పిలాటస్ పీసీ-7 కావచ్చు, పాతవాళ్ళకైతే హెచ్‌పీటీ-32 కావచ్చు. ఎన్నేళ్ళయినా ఆ స్టాల్ (రెక్క గాలి పట్టు తప్పడం), స్పిన్ (ఆపై గిరగిరా తిరుగుతూ పడటం) పాఠాలు ఎక్కడో అడుగున ఉంటాయి. ఆర్మీ వాళ్ళు నాసిక్‌లో నేరుగా హెలికాప్టర్ మీదే మొదలుపెడతారు, కాబట్టి విమానాన్ని రన్‌వే మీద దించడం అన్న పనే వాళ్ళకు కొత్త. ఇద్దరికీ ఒకటే సిలబస్ అచ్చు వేస్తే ఒకరికి విసుగు, ఇంకొకరికి తొందర.

ఇక అసలు చిక్కు ల్యాండింగ్. గంటలు ఎక్కువున్న కొద్దీ ఈ చిక్కు గట్టిది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హెలికాప్టర్ అప్రోచ్‌లో (దిగడానికి వచ్చేటప్పుడు) పైలట్ కన్ను పట్టుకునే లెక్క ఒకటి ఉంది. దిగాల్సిన చోటు తన మీదికి ఎంత వేగంగా వస్తున్నట్టు కనబడుతోంది అన్నదే ఆ లెక్క. అది మనిషి చకచకా నడిచినట్టు ఉండాలి. కిందికి దిగే కొద్దీ అదే నడక కనబడాలంటే అసలు వేగం తగ్గుతూ పోవాలి, హోవర్ (గాలిలో ఒకేచోట నిలబడటం) దగ్గర సున్నా కావాలి. వేల సార్లు చేశాక ఇది ఆలోచించి చేసే పని కాదు, కన్నే చేస్తుంది.

సెస్నాలో ఫైనల్ (రన్‌వేకు నేరుగా దిగివచ్చే చివరి దారి) అంతా ఒకే వేగం. 172ఎస్‌కు ఫ్లాప్ (రెక్క వెనక పలక) పూర్తిగా దించితే 60 నుంచి 70 నాట్లు (విమాన వేగం కొలత), 65 పట్టుకుంటే సరి. వేగం మారకపోయినా నేల దగ్గరయ్యే కొద్దీ రన్‌వే ఉరికొస్తున్నట్టు కనబడుతుంది. అది చూసి చెయ్యి తనంతట తానే యోక్‌ను (స్టీరింగ్ లాంటి పట్టు) వెనక్కి లాగుతుంది. 65 కాస్తా 60, 57, 54. పైలట్‌కు మాత్రం అంతా సవ్యంగానే ఉన్నట్టు తోస్తుంది, ఎందుకంటే కంటికి నచ్చిన నడక వచ్చేసింది. ఇక్కడ సింక్ (కిందికి పడే వేగం) పెరుగుతుంది. దాన్ని ఆపబోయి ఇంకా లాగుతారు. స్టాల్ అక్కడ కాచుకుని ఉంటుంది.

రెండోది ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తడం) ఎత్తు. క్విక్ స్టాప్ (ముక్కెత్తి హెలికాప్టర్‌ను చప్పున ఆపడం) అలవాటుతో 40, 50 అడుగుల్లోనే ముక్కు ఎత్తేస్తారు. సెస్నాకు ఫ్లేర్ 10 నుంచి 20 అడుగుల్లో మొదలు కావాలి. పైన ఎత్తితే విమానం తేలి, వేగం చచ్చి, ధబీమని కూలబడుతుంది. ముక్కు చక్రం ముందు తగిలితే ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక గోడ) వంకర పోతుంది.

మందు ఏమిటంటే:

ఫైనల్‌లో ట్రిమ్‌ను (చెయ్యి వదిలినా ఒకే వేగం నిలిపే సర్దుబాటు) కచ్చితంగా 65కు పెట్టించండి. సర్వో (హైడ్రాలిక్ సాయం) ఉన్న హెలికాప్టర్‌లో కర్రకు గాలి బరువు తెలియదు, సెస్నా యోక్‌కు తెలుస్తుంది. ట్రిమ్ సరిగ్గా ఉంటే వెనక్కి లాగడానికి బలం పెట్టాలి, ఆ బరువే హెచ్చరిక. ట్రిమ్ చేయకుండా వదిలేస్తే ఆ హెచ్చరిక పోయినట్టే.

ఫైనల్ తిరిగిన దగ్గర్నుంచి రెండు మూడు సెకన్లకోసారి వేగం పైకి చదివించండి. నోరు చదువుతుంటే కన్ను మీటర్ వదలదు.

రన్‌వే పొడవు చాలినంత ఉంటే, కొంచెం పవర్ ఉంచి ఐదు పది అడుగుల ఎత్తులో రన్‌వే మొదటి నుంచి చివరి దాకా దిగకుండా నడిపించండి, ఆపై గో-అరౌండ్ (పవర్ పెంచి మళ్ళీ పైకెళ్ళడం). ఇది నాలుగైదు సార్లు చేస్తే కంటికి కొత్త బొమ్మ అలవాటవుతుంది. నా లెక్కలో మొదటి ల్యాండింగ్‌కు ముందే ఈ సార్టీ పడాలి.

మూసీ కాల్వ

పైన అన్న చెప్పింది నిజమే గానీ, తమ్మీ, అంతకన్నా ముందుగాల చేతుల సంగతి జూడు.

హెలికాప్టర్ల ఏ సీట్ల కూసున్నా కుడి చేతిల సైక్లిక్ (ఎటు పోవాల్నో అటు వంచే కర్ర), ఎడమ చేతిల కలెక్టివ్ (మీదికి కిందికి తీస్కపొయ్యే మీట). సెస్నాల ఎడమ సీట్ల కూసుంటే ఎడమ చేతిల యోక్, కుడి చేతిల థ్రాటిల్. చేతులే మారిపాయె. అది సరే, రెండు రోజుల్ల పడ్తది. పడనిది ఇంకోటి: కలెక్టివ్ పైకి గుంజితే పవర్ వస్తది, థ్రాటిల్ ముందుకు తోస్తే పవర్ వస్తది. ఆరామ్‌గ ఉన్నప్పుడు అందరికీ యాదుంటది. గాబరా అయినప్పుడు చెయ్యి గుంజుతది. సెస్నాల గుంజితే ఉన్న పవర్ గూడ పోతది. అది గూడ ఎప్పుడు? నేలకు పది అడుగుల మీద, గో-అరౌండ్ చెయ్యాల్సినప్పుడే.

అందుకే ఇంజన్ బంద్ వెట్టి, హ్యాంగర్ల విమానం నిలబెట్టి, రోజుకు అర్ధగంట కూసోబెట్టు. "గో-అరౌండ్" అని అరువు. 152ల అయితే థ్రాటిల్ పూర్తిగ ముందుకు, కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి ఇచ్చే మీట) లోపలికి, ఫ్లాప్ 20కి, వేగం 55, ఆ తర్వాత ఫ్లాప్ మెల్లగ మీదికి. 172ఎస్‌ల కార్బ్ హీట్ ఉండది, వేగం 60. రోజుకు ఇరవై సార్లు, వారం దినాలు. పెట్రోల్ ఖర్చు లేదు.

ఇంజన్ ఫెయిలైతే గూడ గంతే. హెలికాప్టర్ల మొదటి పని కలెక్టివ్ కిందికి నూకుడు, రోటర్ ఆర్‌పీఎం కాపాడుకునుడు. సెస్నాల మొదటి పని ముక్కు కిందికి. ఎక్కుతుంటే ఇంజన్ ఆగిందనుకో, ముక్కు మీదికే ఉంటది, వేగం కండ్లు మూసి తెరిచేటాళ్ళకు పడిపోతది. 152కు 60, 172ఎస్‌కు 68 గ్లైడ్ (ఇంజన్ లేకుంట దిగే) వేగం. ఈ రెండు అంకెలు నిద్రల లేపి అడిగినా చెప్పాలె.

గాలిమర 152

పెడల్స్ గురించి ఒక అపోహ తిరుగుతూ ఉంటుంది, ముందే చెప్పేస్తాను: "హెలికాప్టర్ వాళ్ళకు కాళ్ళు తిరగబడతాయి" అని. అమెరికా తరహా హెలికాప్టర్లకైతే అది నిజం. పైనుంచి చూస్తే వాటి రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, పవర్ పెంచితే ఎడమ పెడల్ తొక్కాలి. చేతక్, చీతా, ఎంఐ-17 రోటర్లు గడియారం వైపే తిరుగుతాయి, పవర్ పెంచితే కుడి పెడల్. సెస్నా టేకాఫ్‌లోనూ కావలసింది కుడి రడ్డరే. మీ నలుగురికీ ఇది కలిసొస్తుంది.

కాళ్ళు దెబ్బ తీసేది బేస్ (ఫైనల్‌కు ముందు రన్‌వేకు అడ్డంగా వచ్చే దారి) నుంచి ఫైనల్ తిరిగేటప్పుడు. సెంటర్‌లైన్ దాటిపోతోంది అనిపించగానే పెడల్‌తో ముక్కును అటు తిప్పేస్తారు. అది స్కిడ్ (పక్కకు జారుతూ తిరగడం). లోపలి రెక్క ముందుగా స్టాల్ అవుతుంది, విమానం అటే తిరగబడుతుంది, 500 అడుగుల్లో స్పిన్ నుంచి బయటపడేంత ఎత్తు లేదు. 152కు ఫ్లాప్ లేకుండా స్టాల్ 40 నాట్లు. 45 డిగ్రీల వంపులో అది 48కి చేరుతుంది. సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) 30 డిగ్రీలకు మించి వంచకూడదు, లైన్ దాటితే గో-అరౌండ్. ఈ రెండూ బోర్డు మీద రాసి పెట్టండి.

బ్రేకులు కూడా చూసుకోండి. చీతాకు చక్రాలే లేవు, కింద గొట్టాల్లాంటి స్కిడ్లు. ఎంఐ-17కు బ్రేకు మీట సైక్లిక్ మీదే ఉంటుంది. పెడల్ పైభాగం నొక్కితే బ్రేకు పడే పద్ధతి కొత్తగా తోచొచ్చు. మడమలు నేల మీద ఆనించమనండి, లేదంటే టేకాఫ్ రోల్‌లో తెలియకుండానే బ్రేకు తొక్కుతారు, టైరు అరిగిపోతుంది.

క్రాస్‌విండ్ సంగతి కూడా ఉంది. గాలికి ఎదురుగా తిరిగి దిగడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య లాంటిది. రన్‌వే తిరగదు కదా. గాలి వచ్చే వైపు రెక్క వంచి, ఎదురు రడ్డరుతో ముక్కును నేరుగా పట్టే పని మొదట్లో వికారంగా తోస్తుంది. 152కు నిరూపించిన క్రాస్‌విండ్ 12 నాట్లు, 172ఎస్‌కు 15. మొదటి పది గంటల్లో అందులో సగానికి ఆపండి.

చెల్క మట్టి

ఎండ గురించి అడిగారు. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్లు, అంటే 1,640 అడుగులు. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. మేలో 42 ఉంటే తేడా 30. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,600. మొత్తం డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పలచబడ్డ గాలి లెక్కలో ఎత్తు) 5,200 అడుగుల పైమాట. హెలికాప్టర్ పైలట్‌కు ఈ లెక్క నోటికి వచ్చు, కొండల మీద బరువు ఎంత ఎత్తొచ్చో రోజూ వేసినవాళ్ళే. కాకపోతే వాళ్ళు దాన్ని హోవర్‌కు ముడిపెడతారు. ఇక్కడ ముడిపెట్టాల్సింది టేకాఫ్ పరుగుకు. 152కు సముద్ర మట్టం దగ్గర, ప్రామాణిక వాతావరణంలో పరుగు 725 అడుగులు, 50 అడుగుల అడ్డు దాటడానికి 1,340. మే మధ్యాహ్నానికి ఆ అంకెలు పనికిరావు, పీఓహెచ్ (విమానంతో వచ్చే పైలట్ పుస్తకం) పట్టికలో ఆ రోజు ఎత్తుకూ వేడికీ ఎంత ఉందో పిల్లలతో సహా అందరూ రాసి చూపాలి.

రేగడి చేను గారు చెప్పిన కంటి మోసం వేడిలో ఇంకా ముదురుతుంది. 5,200 అడుగుల గాలిలో మీటర్ 65 చూపిస్తే అసలు వేగం 70. నేల ఇంకా ఉరికొస్తుంది, చెయ్యి ఇంకా లాగుతుంది. కాబట్టి వేసవిలో మొదటి ల్యాండింగ్ పాఠాలు పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు ముగించండి. తొమ్మిది దాటితే గుట్టల బండల మీద వేడి గాలి లేచి విమానం ఎగిరెగిరి పడుతుంది, తప్పు పైలట్‌దో గాలిదో తేలదు.

ఫోర్స్డ్ ల్యాండింగ్‌కు చోటు ఎంచుకోవడం ఇంకో బెడద. ఆటోరొటేషన్‌లో (ఇంజన్ లేకుండా రోటర్ గాలికి తిరుగుతూ దిగేటప్పుడు) 1,000 అడుగుల ఎత్తుకు కిలోమీటరు పైచిలుకు దూరం పోతారు, అందుకే చూపు ముక్కు కిందే వెతుకుతుంది. 172 అదే ఎత్తు నుంచి గాలి లేకపోతే రెండున్నర కిలోమీటర్లు పోతుంది. చూపు దూరం వేయడం నేర్పాలి. ఇంటి పెరడంత జాగా చాలు అన్న ధీమా కూడా పోవాలి, ఇప్పుడు కావలసింది మూడు నాలుగు వందల మీటర్ల పొడవు. సాగర్ ఎడమ కాల్వ కింది వరి మడి పైనుంచి పచ్చటి పరుపులా ఉంటుంది, దిగితే ఒడ్డు తగిలి బోల్తా. బత్తాయి తోట అసలే వద్దు. పంట తీసేసిన చెల్క, సాళ్ళ వెంబడి, మంచిది. ఎండాకాలం ఎండిన చెరువు శిఖం ఇంకా మంచిది, మధ్యలో మొరం తవ్విన గుంతలు లేకపోతే. తీగల గురించి వీళ్ళకు మనం చెప్పక్కర్లేదు. కానీ కిందుగా ఎగరడం వీళ్ళకు హాయిగా ఉంటుంది, అదే భయం. 500 అడుగుల కిందికి దిగకూడదన్న హద్దు మీద, సోలో సార్టీలకు ముందు కాగితం మీద సంతకం పెట్టించుకోండి.

ఇంకో చిన్న మాట. వీళ్ళు టర్బైన్ మనుషులు. మిక్స్చర్ (పెట్రోల్, గాలి పాళ్ళు సర్దే మీట), మాగ్నెటో (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేది), కార్బ్ హీట్ కొత్త, లేదా ఎప్పుడో మరిచిపోయినవి. 152లో 1,700 ఆర్‌పీఎం దగ్గర మాగ్నెటో చెక్: ఒక్కోదానికి ఆర్‌పీఎం 125కు మించి పడకూడదు, రెంటి మధ్య తేడా 50 దాటకూడదు. నీలం రంగు ఆవ్‌గ్యాస్ తప్ప ఇంకేదీ ట్యాంకులో పడకూడదు.

రేగడి చేను

బ్యాచ్ లీడర్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. పెట్టొచ్చు, కానీ పని ఏమిటో గీత గీసి పెట్టాలి. రోస్టర్ బోర్డు, తెల్లవారుజామున వాతావరణం బ్రీఫ్, విమానం స్నాగ్ (లోపం) రిజిస్టర్‌లో పడిందా లేదా, ఎవరు నిద్ర చాలక వచ్చారు, ఎవరి మెడికల్ గడువు దగ్గరపడింది. ఇవి వాళ్ళు మనకంటే బాగా చేస్తారు. నడిపే పద్ధతి మాత్రం క్రూ రూములో పిల్లలకు చెప్పకూడదు. ఎందుకంటే ల్యాండింగ్ విషయంలో ఆయన కూడా ఆ వారం తప్పు నేర్చుకుంటున్నవాడే. పిల్లలు ఇన్‌స్ట్రక్టర్ మాట పక్కన పెట్టి "కర్నల్ సార్" మాట పట్టుకుంటారు.

172లో వెనక సీట్లో పిల్లవాణ్ణి అబ్జర్వర్‌గా కూర్చోబెడతాం కదా. ముందు సీట్లో సార్ ఉంటే ఆ పిల్లవాడు వేగం 55కు పడినా నోరు తెరవడు. అందుకే మొదటి రోజే ర్యాంకు పిలుపు తీసేయించండి, "అన్నా" చాలు. లీడర్ తన సార్టీ తప్పులు బోర్డు మీద మొదట తానే రాయాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు రాస్తారు. నలుగురిలో ల్యాండింగ్ ముందుగా కుదిరిన వాళ్ళనే లీడర్‌గా పెట్టాలన్న రూలేమీ లేదు. నా ఓటు కుదరడానికి కష్టపడుతున్న వాళ్ళకే.

పానగల్లు గట్టు

చాలా పనికొచ్చింది. ఒక్కటి మిగిలింది. మా ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరికి ఇరవై ఆరేళ్ళు. నలభై ఐదేళ్ళ మనిషి చేతిలోంచి కంట్రోల్ లాక్కోవడానికి మొహమాటపడితే?

మూసీ కాల్వ

మొహమాటానికి చోటే ఇయ్యద్దు. ఇంజన్ స్టార్ట్‌కు ముందే మాట్లాడుకోవాలె. ఫైనల్ల 60 కిందికి పడ్డా, 20 అడుగుల మీద ముక్కు లేచినా ఇన్‌స్ట్రక్టర్ "ఐ హావ్ కంట్రోల్" అంటడు. ఎందుకని అడుగుడు లేదు, రెండు చేతులు మోకాళ్ళ మీదికి, "యూ హావ్ కంట్రోల్" అని జవాబు. అడిగేదంతా కిందికొచ్చినంక. మొదటి సార్టీల 3,000 అడుగుల మీద ఊరికెనే నాలుగు సార్లు గుంజుకొని చూడమను ఆ పిల్లగాన్ని. ఫౌజోళ్ళకు ఈ పద్ధతి కొత్తది గాదు. అలవాటు కావాల్సింది నీ ఇన్‌స్ట్రక్టర్‌కే.