తోడేలు నాణెం: బొమ్మ ఏది, బొరుసు ఏది?

ప్రశ్న: రోము పుట్టుక గాథ ఉన్న చిన్న కంచు నాణేలకు తెలుగులో వివరణ రాస్తున్నాం. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల, రెండోవైపు ఆడతోడేలు, కవలలు. రెండువైపులా బొమ్మలే కదా, బొరుసని దేన్ని అనాలి? ‘కవలలను పాలిస్తున్న తోడేలు’ అంటే చాలా?

జవాబు: తలవైపే బొమ్మ. ఆ స్త్రీ రోమాదేవి, అంటే రోము నగర దేవత. 330లో కాన్‌స్టాంటినోపుల్ కొత్త రాజధాని అయిన రోజుల్లో రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ వేయించిన ముద్ర ఇది. మామూలుగా ఉండే చక్రవర్తి తల లేకపోవడంతోనే ఈ తికమక. 248లో రోముకు వెయ్యేళ్లు నిండాయని ఫిలిప్ చక్రవర్తి వేయించిన వెండి నాణేల్లోనూ తోడేలుది బొరుసువైపే.

‘పాలిస్తున్న’ మాత్రం వద్దండీ. ఏలుబడి చేస్తున్న అనే అర్థం ముందు తగులుతుంది, పైగా ఇది సామ్రాజ్యపు నాణెం. బిడ్డ పాలు కుడుస్తుంది, తల్లి కుడుపుతుంది. ‘కవలలకు పాలు కుడుపుతున్న ఆడతోడేలు’ అనండి. ఎంత చక్కని క్రియ, వాడుక తగ్గిపోతోంది!

మరొకరు: ‘చేపుతున్న’ అనకూడదా?

జవాబు: కూడదు. చేపడమంటే పొదుగులోకి పాలు దిగడం. ఇక్కడ పిల్లలు అప్పటికే తాగుతున్నారు.

మరొకరు: తలవైపు అక్షరాలను ‘వర్బ్స్ రోమా’ అని రాస్తున్నారు, తప్పు. లాటిన్ చెక్కుడులో ‘యు’కి ‘వి’ ఆకారమే. అది ‘ఉర్బ్స్ రోమా’, అంటే రోము నగరం.

ప్రశ్న: తోడేలు కింద గీత, దాని దిగువ అక్షరాలు ఉండాలట. మా దాంట్లో సగమే ఉన్నాయి. అరిగిపోయాయా?

జవాబు: తోడేలు వెంట్రుకలు స్పష్టంగా కనిపిస్తుంటే అరుగుదల కాదు. కింది అచ్చును దాగలిలో బిగించి, బిళ్ళ పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. బిళ్ళ కాస్త జరిగినా అంచు అక్షరాలు బయటికి పోతాయి. ఆ అక్షరాలే టంకశాల గుర్తు. ‘టి ఆర్’ ఉంటే ఇప్పటి జర్మనీలోని ట్రియర్. పక్కన ‘పి’ ఉంటే ఆ టంకశాలలోని మొదటి కార్ఖానా, ‘ఎస్’ రెండోది. సగమే ఉంటే ఊరు ఊహించకండి, కనిపించినవే రాయండి.

‘స్మారక నాణెం’ అని ఊరుకోవద్దు. దాచుకోవడానికి కొట్టింది కాదు, బజారులో చెల్లిన చిల్లర. ‘స్మారక ముద్ర గల చెలామణీ నాణెం’ అంటే సరిగ్గా ఉంటుంది. వివరణ ఇలా రాయవచ్చు:

బొమ్మ: శిరస్త్రాణంతో ఎడమవైపు చూస్తున్న రోమాదేవి.
బొరుసు: ఎడమవైపుకు తిరిగి నిలబడి, తల వెనక్కి తిప్పి, కవలలకు పాలు కుడుపుతున్న ఆడతోడేలు, పైన రెండు నక్షత్రాలు, గీత కింద టంకశాల గుర్తు, సగం.