అప్‌డేట్: మైలేజీ 14 నుంచి 18కి పెరిగింది

శ్రీకాకుళం నుంచి విజయనగరానికి రోజూ వెళ్లివచ్చే నా చిన్న పెట్రోలు కారు లీటరుకు 14 కిలోమీటర్లే ఇస్తోందని పోయిన నెల అడిగాను కదా. కారణాలు దొరికాయి! టైర్లలో గాలి 24 పీఎస్‌ఐకి పడిపోయింది; డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో 33 అని ఉంది. తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉండగానే కొట్టించాను. ఎయిర్ ఫిల్టర్ దులిపితే గుప్పెడు ఎర్రమట్టి రాలింది, మార్చేశాను. బ్రేకు పట్టేస్తోందేమో చూడమన్నవారికి చేతులెత్తి నమస్కారం. కారు దిగి చూస్తే వెనుక కుడి చక్రం ఒక్కటే సెగలు కక్కుతోంది! మెకానిక్ సరిచేశాడు. ఇప్పుడు విజయనగరం వైపు తిరిగే నాతవలస జంక్షన్ దాకా హైవే మీద 70 దాటడం లేదు. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగాక మళ్లీ నింపించి లెక్కగడితే 18.2 వచ్చింది. అదీ ఏసీ వేసుకుని.